సాగర్ గేట్లు ఎవరు తెరిచి మరిచిపోయారు?

మా ఇంట్లో నీళ్ళ చట్టం చాలా కఠినం. పళ్ళు తోముకుంటూ నల్లా తిప్పి వదిలేస్తే ఆ పూట కార్టూన్లు బంద్. ఈ చట్టం చేసింది మా అత్తయ్య. ఆమె పుట్టి పెరిగింది మా నల్లగొండ జిల్లాలోనే, మర్రిగూడ వైపు పల్లెలో. మంచినీళ్ళ బిందె కోసం చిన్నప్పుడు ఎంత దూరం నడిచేదో చెప్పడం మొదలుపెట్టిందంటే మావారు కూడా లేచి వెళ్ళి వంటింటి నల్లా ఇంకోసారి బిగించి వస్తారు.

ఎగువన శ్రీశైలం నిండింది, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు అని వార్త వస్తే నల్లగొండలో ఎవరికీ ఇంట్లో కాలు నిలవదు. ఆ ఆదివారం మేమూ హాలియా మీదుగా బయలుదేరాం. సగం జిల్లా మాకంటే ముందే అక్కడికి చేరింది. కాల్చిన మొక్కజొన్న కంకుల పొగ, కార్ల వరస, మొహాల మీద పడే తుంపర. మొత్తం 26 గేట్ల ఆనకట్ట అది. తెల్లగా నురగలు కక్కుతూ దూకుతున్న కృష్ణను చూసి జనం ఈలలు వేస్తున్నారు. వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చున్న మా మూడేళ్ళవాడు మాత్రం మొహం చిట్లించి, "ఎవరు తిప్పి మరిచిపోయారు? కట్టేయమను" అన్నాడు. పక్కనున్నవాళ్ళు విరగబడి నవ్వారు. వాడికి కోపం వచ్చింది. "నానమ్మకు చెప్తా" అని ఆనకట్టను బెదిరించాడు.

పిల్లవాడు కదా, తెలియక అన్నాడు, అందుకే నవ్వొచ్చింది అని అందరూ అనుకుంటారు. నేను ఒప్పుకోను. పారే నీళ్ళను ఆపాలని వాడికి మేమే చెప్పాం. ఆ మాటను వాడు స్నానాల గదిలోనూ కృష్ణా నది మీదా ఒకేలా అమలు చేశాడు. చిన్నపిల్లల మాటల్లో మనకు కనిపించే హాస్యంలో చాలా భాగం ఇదే అని నా వాదన. మనం చెప్పిన నియమాన్ని వాళ్ళు మనకంటే నిజాయితీగా పట్టుకుంటారు, అంతే. మినహాయింపులు పెట్టుకునేది పెద్దవాళ్ళం. అబద్ధం ఆడకూడదు, కానీ చందా అడిగేవాళ్ళు వస్తే నాన్న ఇంట్లో లేరు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఏది పెట్టినా తినకూడదు, కానీ గుళ్ళో ఎవరు పెట్టినా కళ్ళకు అద్దుకొని నోట్లో వేసుకోవాలి. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదు, కానీ పెద్దవాళ్ళు అడిగితే టక్కున సమాధానం చెప్పాలి. ఈ మినహాయింపుల జాబితా పిల్లల చేతికి ఎవరూ ఇవ్వరు. వాళ్ళు గోడలకు గుద్దుకుంటూ ఒక్కొక్కటే కనిపెట్టుకోవాలి. ఆ గుద్దుకోవడాన్ని చూసి మనం నవ్వుతాం.

అదే నానమ్మతో ఇంకో చిక్కు వచ్చింది. పళ్ళు తోముకోకపోతే రంగు మారిపోతాయని వాడికి రోజూ చెబుతుంటాం. ఒక పొద్దున వాడు నానమ్మ నోటివైపు తదేకంగా చూసి, "నువ్వు తోముకోలేదా?" అన్నాడు. ఆమె పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. మా అందరికీ గుండె ఆగినంత పనైంది. ఆమె మాత్రం గట్టిగా నవ్వి, "నేను రోజూ తోముకున్నాను నాయనా, మా ఊరి నీళ్ళే మంచివి కావు" అంది. వాడు కాసేపు ఆలోచించి, "అయితే నీళ్ళకు తోమాలి" అన్నాడు.

ఇది వినగానే నాకు నవ్వు రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఫ్లోరైడ్ చారలు పెద్దయ్యాక తాగిన నీళ్ళతో వచ్చేవి కావు. చిగుళ్ళ లోపల పన్ను తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళు వేసిన ముద్ర అది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మర్రిగూడ వైపు బావుల్లో, బోర్లలో దానికి కొన్ని రెట్లు ఉండేది. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. దేశదేశాల పుస్తకాల్లో దాని పేరు నల్గొండ టెక్నిక్. మా వాడు చెప్పింది అదే కదా, నీళ్ళకు తోమమని. వాడు అంతటితో ఆగలేదు, తన బ్రష్షు తీసుకొచ్చి నానమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె చాప మీద కూర్చుని నోరు తెరిచింది. ఆ పేస్టు సగం ఆమె చీర మీదే పడింది.

అత్తయ్య దగ్గర నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి, వాటిలో రొట్టె లెక్క ఒకటి. కంచంలో ఒక్క జొన్న రొట్టె వేస్తే మావాడు "ఒకటేనా?" అని పెదవి విరుస్తాడు. ఆమె మాట్లాడకుండా దాన్ని నాలుగు ముక్కలు చేస్తుంది. ఒకటి పోయి నాలుగు వచ్చాయి, వాడికి తృప్తి. "రొట్టె అంతే ఉందిరా" అని అక్క మొత్తుకుంటుంది, వాడు వినడు. టెట్ రాసినవాళ్ళందరికీ పియాజే పేరు నోటికి వచ్చు, పిల్లల ఆలోచనా తీరును పరిశోధించిన స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త. పొట్టి గ్లాసులోని నీళ్ళను పొడుగాటి సన్నని గ్లాసులో పోసి, ఇప్పుడు ఎక్కువయ్యాయా అని ఆయన పిల్లల్ని అడిగాడు. సుమారు ఏడేళ్ళు వచ్చేదాకా పిల్లలు అయ్యాయనే అంటారని తేల్చాడు. స్విట్జర్లాండ్‌లో రొట్టె ముక్కలు చేసే నానమ్మలు ఉన్నారో లేరో కానీ, ఉంటే ఆయనకు అంత శ్రమ తప్పేది. ఆరేళ్ళ అక్క సంగతీ చెప్పాలి. రొట్టె విషయంలో ఆమె మహాజ్ఞాని. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి పొడుగు గ్లాసు కోసం ఇప్పటికీ తమ్ముడితో కొట్లాడుతుంది.

వీళ్ళిద్దరినీ పానగల్లు తీసుకెళ్ళినప్పుడు నా వాదనకు ఇంకో సాక్ష్యం దొరికింది. నల్లగొండను ఆనుకునే ఉన్న ఆ ఊళ్ళో ఉంది ఛాయా సోమేశ్వరాలయం. కుందూరు చోడుల కాలపు కట్టడం, మూడు గర్భగుళ్ళు. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి పడుతుంది. పొద్దున వెళ్ళినా సాయంత్రం వెళ్ళినా అది కదలదు. బయట సూర్యుడు ఎంత తిరిగినా అక్కడే ఉంటుంది. చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళందరూ "వింత" అని దండం పెట్టుకుని ఫోటో తీసుకుంటారు. మావాడు దానివైపు చాలాసేపు చూసి, గొంతు తగ్గించి, "దీనికి జ్వరం వచ్చిందా?" అన్నాడు. వాడి అనుభవంలో రోజంతా బయటికి వెళ్ళకుండా ఒకే చోట ఉండాల్సిన కారణం ఒకటే మరి.

అక్క దారి వేరు. ఇన్ని స్తంభాలున్నాయి, ఇది ఏ స్తంభం నీడ అని ఆమె పట్టు. ఒక్కో స్తంభం ముందు చేతులు చాపి నిలబడి "ఇప్పుడు పోయిందా?" అని అరవడం, నేను లోపలి నుంచి "పోలేదు" అని అరవడం. పూజారిగారు మొదట విసుక్కున్నారు, తర్వాత "అటువైపు స్తంభం వదిలేశావు చూడు" అని తనే అందించారు. ఏ ఒక్క స్తంభం ముందు నిలబడినా నీడ పోలేదు. పలు దిక్కుల నుంచి స్తంభాల సందుల్లోంచి వచ్చే వెలుగు కలిసి వేసే నీడ అది, ఏ ఒక్కదానికీ చెందదు అని వివరించేవాళ్ళున్నారు. మా అమ్మాయికి నేను అదే చెప్పాను. "అయితే అందరిదీనా?" అంది. అవును అన్నాను. "అందరిదీ అయితే ఎవరు తీసుకెళ్తారు? అందుకే ఇక్కడే ఉండిపోయింది" అని తేల్చేసింది. మా అపార్ట్‌మెంటు మెట్ల మీద పడి ఉండే విరిగిన సైకిల్ గురించి మేం మాట్లాడుకునేది విన్నట్టుంది.

ఇలాంటప్పుడు ఏం చేయాలి అన్నదే అసలు ప్రశ్న. నవ్వాలి, అందులో సందేహం లేదు. నవ్వు ఆపుకొనే తల్లిదండ్రులంటే నాకు భయం. కానీ నవ్విన తర్వాత జవాబు కూడా చెప్పాలి, అదీ వాళ్ళ చట్టం ప్రకారమే చెప్పాలి. ఈ విద్య తెలిసినవాళ్ళు నాకు పిల్లల పెంపకం నిపుణుల్లో కంటే మామూలు జనంలోనే ఎక్కువ తగిలారు.

ఒకసారి మహబూబ్‌నగర్ బస్సు ఎక్కాం. అది మా పుట్టింటి ఊరు. 2023 డిసెంబరు నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కాబట్టి నాకూ, మా అమ్మాయికీ జీరో టికెట్లు కొట్టారు. మావారు డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నారు. మూడేళ్ళవాడికి టికెట్టే అక్కర్లేదు. ముగ్గురి చేతుల్లో కాగితాలున్నాయి, తన చేయి ఖాళీ. ఏడుపు లంకించుకున్నాడు. నీకు అవసరం లేదురా అని మేం ముగ్గురం వాడికి రాయితీ నిబంధనలు వివరిస్తున్నాం. కండక్టరమ్మ అటుగా వచ్చి, మిషన్లోంచి అచ్చు సరిగా పడక చించేసిన కాగితం ముక్క ఒకటి తీసి, వాడి పేరు అడిగి, పెన్నుతో దాని మీద గీత గీసి ఇచ్చింది. "దిగేదాకా పారేయకు, చెకింగ్ వస్తారు" అని చెప్పింది కూడా. వాడు జడ్చర్ల దాటేదాకా నిద్రపోకుండా చెకింగ్ వాళ్ళ కోసం ఎదురుచూశాడు.

దసరా తర్వాతి కథ ఇంకా బాగుంటుంది. మా వైపు దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి "బంగారం" అంటూ పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కుతారు, పెద్దవాళ్ళు దీవించి పది రూపాయలో ఇరవయ్యో చేతిలో పెడతారు. మావాడు ఆ ఆకులన్నీ పోగుచేసి తన పాత చాక్లెట్ డబ్బాలో దాచాడు. ఇది బంగారమని ఊరు ఊరంతా చెప్పింది కదా! కొన్నాళ్ళకు నా కమ్మల శీల వదులైతే గడియారం సెంటరు దగ్గర బంగారం పని చేసే పెద్దాయన కొట్టుకు వెళ్ళాం. డబ్బుల మాట వచ్చేసరికి వీడు జేబులోంచి ఎండిన జమ్మి ఆకులు తీసి బల్ల మీద పోశాడు. నేను సిగ్గుతో ఏరబోతుంటే ఆయన చేయి అడ్డం పెట్టారు. కళ్ళజోడు సర్దుకున్నారు. ఆకుల్ని చిన్న త్రాసులో వేశారు. ఒక ఆకును వెలుతురుకు ఎత్తి చూశారు. తర్వాత గంభీరంగా, "సరుకు మంచిదే బాబూ. కానీ బాగా ఎండింది, తరుగు ఎక్కువ పోతుంది. ఈసారికి మీ అమ్మ దగ్గర తీసుకుంటా" అన్నారు. వాడు తల ఊపాడు. తరుగు అంటే ఏమిటో వాడికి తెలియదు, కానీ తనతో బేరం ఆడారని తెలిసింది. ఇంటికి వచ్చి ఆ ఆకుల మీద నీళ్ళు చిలకరించాడు, ఎండకుండా.

ఆయన ఆ పూట నవ్వనే లేదు. నాకు నవ్వు ఆపుకోవడం వల్ల పొట్ట నొప్పి వచ్చింది. పిల్లల వల్ల కలిగే ఆనందం అంటే నాకు తెలిసినది ఇదే. వాళ్ళ లోకంలో బంగారం బంగారంగానే చెల్లే రెండు నిమిషాలు పెద్దవాళ్ళు కూడా అందులో కూర్చోవడం.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది చుట్టాలు వచ్చినప్పుడు జరుగుతుంది. "మామయ్యకు పద్యం చెప్పు", "అత్తకు డాన్స్ చేసి చూపించు", "ఆ డ్యామ్ మాట మళ్ళీ అను". పిల్లల్ని గంగిరెద్దులా ఇంటింటి ముందు ఆడించే ఈ అలవాటు నాకు ఒళ్ళు మంట. డ్యామ్ మాట మళ్ళీ అనమంటే ఎలా అంటాడు? వాడు హాస్యం చెప్పలేదు, ఫిర్యాదు చేశాడు. మా ఆడపడుచు ఫోను పట్టుకుని బతిమాలితే వాడు ఆశ్చర్యంగా చూసి, "అప్పుడే చెప్పాను కదా, ఇంకా కట్టలేదా?" అన్నాడు. ఆమె అది కూడా స్టేటస్ పెట్టింది, వేరే సంగతి.

ఈ విషయంలో మావారికీ నాకూ పడదు. "రేపు వాళ్ళకు ఇవేవీ గుర్తుండవు, వీడియో తీస్తే చూసుకుంటారు" అంటారాయన. గుర్తుండవన్నది నిజమే. పెద్దయ్యాక మనలో చాలామందికి మూడు, మూడున్నరేళ్ళ వయసుకు ముందు సంగతులు ఏవీ జ్ఞాపకం ఉండవు. మన జీవితంలోని అత్యంత సరదా మాటలన్నీ మనం మాట్లాడినవే, మనకే తెలియవు. అయితే ఏమిటి? ఆ మాటలు విన్నవాళ్ళ సొత్తు అవి. మా అమ్మ నా గురించి చెప్పే కథలు ప్రతి సంక్రాంతికీ కొంచెం పెరుగుతాయి. వీడియో ఉంటే ఆ పెరిగే అవకాశం పోయేది.

ఇంతవరకూ రాసి, మహబూబ్‌నగర్‌లో మా అమ్మవాళ్ళ వీధి గుర్తొచ్చి ఆగాను. పాలమూరు నుంచి ముంబయికీ పుణేకూ కూలి పనులకు వెళ్ళడం ఈనాటిది కాదు. పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి వెళ్ళినవాళ్ళు ఆ వీధిలోనే ఉన్నారు. ఎదురింటి పాప నాలుగేళ్ళది. రాత్రి పని ముగిశాక వాళ్ళమ్మ ఫోను చేసి "అన్నం తిన్నావా?" అంటే పాప తల ఊపుతుంది. అవతల వినిపించదు కాబట్టి మళ్ళీ అడుగుతుంది. పాప ఇంకా గట్టిగా ఊపుతుంది. అమ్మమ్మ పక్కన కూర్చుని నవ్వుతూ "ఊపుతోంది, ఊపుతోంది" అని వ్యాఖ్యానం చెబుతుంది. ఆ ఇంట్లో వీడియో కాల్ వచ్చిన రోజు పండగ. అక్కడ మావారి వాదనే నెగ్గుతుంది, నాకు అభ్యంతరం లేదు. పిల్లలతో నవ్వడానికి తీరిక కావాలి, తీరిక అందరికీ ఒకేలా పంచలేదు. "ఈ రోజులు మళ్ళీ రావు, ఆనందించండి" అని ఉచిత సలహా ఇచ్చేవాళ్ళు ముందు ఆ పాప తల్లికి ముంబయిలో సెలవు ఇప్పించాలి. నాకైనా జ్వరం రాత్రుల్లో, మర్నాడు బ్యాంకులో క్యాషు కౌంటర్లో కూర్చోవాల్సి ఉన్నప్పుడు, ఎవరైనా ఆ మాట అంటే చేతిలో ఉన్నది విసరాలనిపిస్తుంది.

ఉన్న తీరికనైనా మనం ఎందుకు తగ్గించుకుంటున్నామన్నది నా చివరి పేచీ. మా వాడిని అంగన్‌వాడీకి పంపుతున్నానని తెలిసి బంధువుల్లో కొందరు మాకు డబ్బు ఇబ్బందులేమో అనుకున్నారు. మూడేళ్ళకే నర్సరీ, చేతికి నోటు పుస్తకం, రాత్రి హోమ్‌వర్క్. పిల్లల చేత నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్దించే ఆ గంటే మామూలుగా వాళ్ళు ప్రశ్నలు వేసే గంట. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకంతో వచ్చిన అంగన్‌వాడీలకు లోపాలు చాలానే ఉన్నాయి, గది ఇరుకు, టీచరుకు రాయాల్సిన రిజిస్టర్లు గుట్టలు. అయినా అక్కడ ఆట ఉంది, గుడ్డు ఉంది, పది ఊళ్ళ పిల్లల్ని చూసిన ఓపిక ఉంది. ఈ వయసుకు ఆటే చదువని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది, చదివినవాళ్ళు తక్కువ.

అక్కడ నేర్చుకున్నదేమిటి అని అడిగిన బంధువులకు జవాబు మొన్న ఒక పెళ్ళిలో దొరికింది. తిన్నాక ఎవరి పళ్ళెం వాళ్ళు కడుక్కోవాలని అంగన్‌వాడీ నియమం. మా వాడు భోజనం ముగించి, విస్తరాకు మడవకుండా రెండు చేతులతో పట్టుకుని ఫంక్షన్ హాల్ నల్లా దగ్గరికి నడిచాడు. శుభ్రంగా కడిగాడు. ఎక్కడ బోర్లించాలని వంటవాళ్ళను అడిగాడు. వాళ్ళలో ఒకతను గంభీరంగా స్టీలు పళ్ళేల పక్కన చోటు చూపించాడు.

అక్క మాత్రం ఇప్పుడు మెల్లగా మన వైపుకు వచ్చేస్తోంది. తమ్ముడు అన్నవాటికి మాతోపాటు నవ్వుతోంది, డ్యామ్‌కూ నల్లాకూ తేడా వాడికి వివరిస్తోంది. ఈమధ్య కావాలని హాస్యం చెప్పడం మొదలుపెట్టింది. మొన్న రాత్రి అన్నాల దగ్గర మొదటిది వదిలింది. "ఒక ఏనుగు బస్సు ఎక్కింది. కండక్టర్ జీరో టికెట్ ఇచ్చింది. ఎందుకో చెప్పండి?" మాకు తెలియదన్నాం. "ఆడ ఏనుగు కాబట్టి." మేం నవ్వుతుంటే తమ్ముడు నవ్వలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని, "ఆధార్ చూపించిందా?" అన్నాడు. చూపించిందని అక్క చెప్పింది. ఫోటోలో తొండం ఎలా పట్టిందని వాడు అడిగాడు. అక్కడితో భోజనం ఆగిపోయింది. తొండం పైకి ఎత్తి తీయించుకుందని అక్క, అలా తీస్తే మొహం కనబడదు, బ్యాంకులో ఒప్పుకోరని మావారు, ఏనుగు పిల్లకు అయిదేళ్ళు దాటాయా లేదా ముందు అది తేల్చమని అత్తయ్య.